తెల్లారేసరికి చల్లబడే తొట్టి

12 నవంబరు 2024, పుంగనూరు

ఖర్చుల పుస్తకం వేరే ఉంది. అందులో కొత్తిమీర కట్ట దగ్గర్నుంచి రాస్తాను. మా ఆవిడ శాంతమ్మ కుప్పం పోయిన సంగతి మాత్రం అందులో ఏ వరుసలో రాయాలో తెలియలేదు. జమ కాదు, ఖర్చూ కాదు. అందుకని రోజా వాళ్ల ఆఫీసులో ఇచ్చిన ఈ డైరీ తీశాను. కూతురు బెంగుళూరులో ఉద్యోగం చేస్తే తండ్రికి ఏటా ఒక డైరీ గ్యారంటీ.

శాంతమ్మకు ఆగస్టులో పక్షవాతం వచ్చింది. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో చూపించాను. మాట పూర్తిగా తిరిగి వచ్చింది. కొంచెం ఎక్కువే వచ్చింది. ఎడమ చెయ్యి ముక్కాలు భాగం వచ్చింది. ఎడమ కాలు మాత్రం ఇంకా ఆలోచిస్తోంది.

ఆమెకు ఏం తక్కువ చేశాను? జావ కాచాను. మాత్రలు వేళకు ఇచ్చాను. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా గోడకు ఇనుప పైపు బిగించాను. మోటార్లకు రాగి తీగ చుట్టు చుట్టడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నవాడిని, పైపు బిగించడం ఒక లెక్కా. ఆమె తమ్ముడు నరేంద్ర కుప్పం నుంచి కారులో వచ్చి, గంటసేపు కూర్చుని, ఈ ఇంట్లో గడియారం తప్ప ఇంకేదీ మాట్లాడటం లేదని తేల్చాడు. అతను కొత్త ఇంటి పక్కన స్విమ్మింగ్ పూలు కట్టించాడు. దానికి సోలారు హీటింగు. అక్క రోజూ వేడినీళ్లలో నడిస్తే కాలు వచ్చేస్తుందన్నాడు. ప్లాట్లు అమ్మేవాడు, వైద్యం తెలియకుండా ఉంటుందా.

కారెక్కేటప్పుడు ఆమె, "ఏమన్నా సెప్తావా?" అని అడిగింది.

"మాత్రలు సంచిలో పెట్టినా" అన్నాను.

పెట్టాను కూడా. అబద్ధం చెప్పలేదు.

కారు పోయింది. కొన్నాళ్లు అన్నారు. అది సెప్టెంబరు.

14 నవంబరు

వాన. మోటారు షాపుకు పోలేదు. గడియారం బాగానే మాట్లాడుతోంది.

19 నవంబరు

మాత్రలు అయిపోయి ఉంటాయని మదనపల్లె పోయాను. అవి కుప్పంలో కూడా దొరుకుతాయట. ఫార్మసీ అమ్మాయి చెప్పాక గుర్తొచ్చింది.

వరండాలో బీనా కనిపించింది. ఆ ఆస్పత్రిలో కాళ్లూ చేతులూ ఆడించే విద్య ఆమెది. ఆంటీ ఎలా ఉందని అడిగింది. తమ్ముడి ఇంట్లో స్విమ్మింగ్ పూలు ఉందనీ, అందులో రోజూ నడుస్తోందనీ చెప్పాను. బీనా సంతోషించి, వెంటనే ఒక ప్రశ్న వేసింది.

"మీరు సూసినారా అంకుల్?"

చూశానన్నాను. నరేంద్ర వాట్సాప్ స్టేటస్‌లో చూశాను. నీలం నీళ్లు, చుట్టూ లైట్లు, నరేంద్ర స్నేహితుడు ఒకడు పొట్ట చూపిస్తూ తేలుతున్నాడు. శాంతమ్మ కనపడలేదు. ఫోటో తీసేటప్పుడు మునిగి ఉంటుంది.

ఈ మొదటి నెలల్లో నడిపిస్తేనే కాలు తిరిగి వస్తుందనీ, ఆరు నెలలు దాటితే చాలా మెల్లగా వస్తుందనీ బీనా చెప్పింది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, నడుము దాకా ఉండాలి, పక్కన మనిషి ఉండాలి. చన్నీళ్లయితే కండరం బిగుసుకుపోయి ఉన్న నడకా పోతుందట. ఎంత వెచ్చగా అని అడిగాను.

"పసిబిడ్డకు పోసే నీళ్లంత" అంది.

నాకేం అవసరం? ఊరికే అడిగాను.

20 నవంబరు

ఇంటి వెనక రాతి తొట్టి ఉంది. మా నాయన టమోటా తోట పెట్టిన రోజుల్లో బోరు నీళ్లు నిలపడానికి కట్టించాడు. తోట పోయింది, తొట్టి మిగిలింది. నీళ్లు తోడేసి పాకుడు గీకించాను. చాలా రోజులుగా అనుకుంటున్న పనే. దీనికీ దేనికీ సంబంధం లేదు.

నిలబడి చూశాను. నడుము దాకా వస్తుంది. ఆమె నడుము.

26 నవంబరు

మదనపల్లెలో సోలారు షాపు. ఓనరు పేరు దిలీప్. స్విమ్మింగ్ పూలుకు నీళ్లు కాగాలంటే ఏం కావాలని అడిగాను. కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు. రంగు కాగితాల పుస్తకం తెరిచాడు. అందులో ఒక తెల్ల దొరసాని నీళ్లలో పడుకుని నవ్వుతోంది. ఆమె రెండు కాళ్లూ బాగానే ఉన్నాయి.

"పూలు ఏ సైజు సార్? టైల్సు ఇటాలియనా?"

"రాతి తొట్టి" అన్నాను.

పుస్తకం మూశాడు. టీ మాత్రం తాగనిచ్చాడు, మర్యాదస్తుడు.

పుస్తకం మూసేలోగా చూడాల్సింది చూశాను. కొండంత మాటలు రాసుకున్నారు గానీ లోపలి సంగతి చిన్నది. మిద్దె మీద నల్ల పైపులు. వాటి గుండా తొట్టి నీళ్లు తిరుగుతాయి. ఎండ వాటిని కాస్తుంది. చిన్న మోటారు తిప్పుతుంది. మోటారు సంగతి నాకు ఆయన చెప్పక్కర్లేదు. నల్ల పైపులు ఈ చుట్టుపక్కల ఏ టమోటా చేనులో చూసినా ఉంటాయి. వాటిని డ్రిప్పు అంటారు.

29 నవంబరు

మునెయ్య చేను మా ఇంటికి ఆనుకునే ఉంది. పాత డ్రిప్పు పైపులు చుట్టలు చుట్టి గట్టు మీద పడేశాడు. అడిగితే ఎత్తుకుపొమ్మన్నాడు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ ఉప్పు పట్టి పైపులకు ఉండే చుక్కల రంధ్రాలన్నీ మూసుకుపోయాయి, చేనులో ఒక్క చుక్క రావడం లేదు. అందుకే పారేశాడు. నాకు కావాల్సింది సరిగ్గా అదే, రంధ్రాలు లేని పైపు. ఒకడికి పనికిరానిది ఇంకొకడికి ఇంత చక్కగా పనికిరావడం చూసి నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను.

మునెయ్య ఎందుకని అడిగాడు. మోటారు పరీక్ష అన్నాను.

1 డిసెంబరు

తుపాను. సూర్యుడు సెలవు పెట్టాడు. సోలారు వాళ్ల రంగు పుస్తకంలో వాన బొమ్మ ఒక్కటీ లేదు.

6 డిసెంబరు

మబ్బు విడిచింది. పైపులు మిద్దె ఎక్కించే ముందు లోపల శుభ్రం చేయాలనిపించింది. మట్టీ మందులూ పారిన పైపులు. ఆ నీళ్లు మనిషి ఒంటికి తగులుతాయి. ఏ మనిషి ఒంటికైనా సరే, తగులుతాయి కదా. రైతులు చేసినట్టే ఆసిడ్ కలిపి పారించి, మంచినీళ్లతో బాగా కడిగాను. లోపల అద్దంలా అయ్యాయి. మిద్దె నిండా పరిచి కట్టాను.

7 డిసెంబరు

మోటారు వేశాను. మిద్దె మీద వాన పడింది.

ఆసిడ్ ఉప్పును కరిగించింది. ఉప్పు కరిగితే రంధ్రాలు తెరుచుకున్నాయి. ప్రతి రంధ్రమూ కొత్త పైపులా చుక్క చుక్క రాలుస్తోంది. రైతులు ఆసిడ్ పోసేదే అందుకు. ఆ సంగతి నాకు తెలుసు. బాగా తెలుసు. పొద్దున మాత్రం తెలియలేదు.

మునెయ్య గట్టు మీద నిలబడి తీరిగ్గా చూశాడు.

"నా సేన్లో ఒగ సుక్క రాల్లేదు సిద్దప్పన్నా. నీ మిద్దె మీద నారు పెట్టుకోవచ్చు."

సాయంత్రం వచ్చి పైపులు విప్పుకుని పోయాడు. బాగుచేసి ఇచ్చినందుకు ఒక బుట్ట టమోటాలు ఇచ్చాడు. ఒక్కడికి బుట్ట టమోటాలు ఎందుకు? పచ్చడి చేయడం ఆమెకు తెలుసు.

12 డిసెంబరు

రంధ్రాలు లేని కొత్త నల్ల పైపు కొన్నాను. పుంగనూరులోనే దొరికింది. కొట్టువాడిని మూడుసార్లు అడిగాను, రంధ్రాలు లేవు కదా అని. నాలుగోసారి అడగబోతే వాడు నా ముఖం చూసి ఊరుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి మోటారు వేస్తే మొదట వచ్చిన నీళ్లు చేతిని బొబ్బలెక్కించాయి. ఇంత ఆనందంగా చెయ్యి కాల్చుకున్నవాడు ఈ మండలంలో ఉండడు. సాయంత్రానికి తొట్టి గోరువెచ్చగా అయింది. పాల కేంద్రంలో అడిగి తెచ్చిన థర్మామీటరు కూడా ఒప్పుకుంది.

నరేంద్ర ఇక్కడ ఉండి చూడాల్సింది. ఇంకెవరూ అక్కర్లేదు.

13 డిసెంబరు

తెల్లారి చల్లగా అయింది.

14 డిసెంబరు

సాయంత్రం వెచ్చన. తెల్లారి చల్లన.

16 డిసెంబరు

నిన్న మోటారు ఆపడం మరచిపోయాను. రాత్రంతా నీళ్లు మంచులో మిద్దె ఎక్కి దిగాయి. సూర్యుడు ఇచ్చింది చంద్రుడికి ముట్టజెప్పాను. మోటారు మాత్రం ఒక్క క్షణం ఆగలేదు. నేను చుట్టిన చుట్టు అది.

18 డిసెంబరు

సాయంత్రం వెచ్చన. తెల్లారి చల్లన. ఇంకా పైపు వేశాను. మిద్దె మీద అడుగు పెట్టే చోటు లేదు. తెల్లారి చల్లన.

ఈ తొట్టి కూడా నీలాంటిదే నాయనా అని రోజా ఫోనులో అంది. ఏ రకంగానో చెప్పలేదు. నేను అడగలేదు.

20 డిసెంబరు

కుప్పం ఫోన్ చేశాను. పని ఉండే చేశాను. పసిబిడ్డకు పోసే నీళ్లంత అని బీనా చెప్పింది కదా, ఆ వేడి ఎంతో నాకు తెలియదు. రోజాకు నీళ్లు పోసింది నేను కాదు. పాల కేంద్రం వాళ్లకూ తెలియదు.

"మోసెయ్యి పెట్టి సూసేది" అంది శాంతమ్మ. "మోసేతికి ఉడుకూ తెలీగూడదు, సల్లనా తెలీగూడదు. యాల?"

"ఊరికే."

"ఊరికే పోను సేసేవాడివేనా నువ్వు."

మోటారు పరీక్ష కోసం తొట్టిలో నీళ్లు కాగబెడుతున్నానని చెప్పాను. మిద్దె నిండా పైపులు వేసినా తెల్లారేసరికి చల్లబడుతున్నాయని కూడా చెప్పాను. అది మోటారుకు సంబంధించిన విషయమే.

ఆమె నెమ్మదిగా అడిగింది.

"రేత్రి మూత ఏస్తాండావా?"

"తొట్టికి మూతేంది?"

"అన్నం గిన్నెకు ఏస్తారు గదా. ఈడ గూడా ఇంతే. తెల్లారి సూడు, నీళ్ల మీద పొగలు లేస్తాంటాయి. నరేంద్ర సలికాలం భలే ఉండాదక్కా అని వీడియో తీస్తాడు. ఆ పొయ్యేది ఉడుకురా అని నేను మొత్తుకుంటాండా. మూతేస్తే బాల్కనీలోనించి నీలం కనపడదంట వీడికి."

ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకోలేదు. పెళ్లయిన తర్వాత ఫోనులో ఇదే పెద్ద సంభాషణ అనుకుంటాను.

21 డిసెంబరు

తొట్టి మీద కప్పుకోమని టమోటా మడుల మీద పరిచే పాత మల్చింగ్ షీటు ఇస్తానన్నాడు మునెయ్య. దానికి మొక్క మొక్కకూ ఒక రంధ్రం ఉంటుంది. వద్దన్నాను. ఈ ఊళ్లో వ్యవసాయమంతా రంధ్రాల మీదే నడుస్తోంది.

చింతపండు ఆరబోసే టార్పాలిన్ పట్ట ఒకటి అటక మీద ఉంది. అది తొట్టికి కప్పి అంచున రాళ్లు పెట్టాను.

22 డిసెంబరు

తెల్లారి పట్ట ఎత్తి మోచెయ్యి పెట్టాను. నిన్నటి వేడి ఇంచుమించు అలాగే ఉంది. చింతపండు వాసన కొంచెం ఉంది.

మిద్దె నిండా పైపులు వేసినవాడికి మూత తోచలేదు. రాసి పెట్టుకుంటున్నాను, ఎవరికీ చెప్పనవసరం లేదు.

25 డిసెంబరు

బీనా కేకు పంపింది. ఆంటీ నడక వీడియో పంపమని అడిగింది. కేకు బాగుంది అని జవాబిచ్చాను.

29 డిసెంబరు

రోజురోజుకూ వేడి కూడుతోంది. మోచేతికి ఉడుకూ తెలియడం లేదు, చల్లనా తెలియడం లేదు. తొట్టిలోకి మెట్లు కట్టించాను. గుచ్చుకోకుండా అంచులు అరగదీశాను. నీళ్లలో పట్టుకుని నడవడానికి స్టీలు పైపు వేశాను. వెనక గోడ మీద రేకులు నిలబెట్టాను, మునెయ్య చేనులోంచి కనపడకుండా. మోటారు పరీక్షకు ఇవన్నీ కావాలి.

మధ్యాహ్నం వచ్చి చూస్తే మునెయ్య మోకాళ్ల దాకా దిగి బీడీ తాగుతున్నాడు. లేపాను.

"ఎవురికి సిద్దప్పన్నా ఇదంతా?"

"ఎవరికీ లేదు."

"ఎవురికీ లేకపోతే నేనుంటే ఏం?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. అయినా లేపాను.

5 జనవరి 2025

నరేంద్ర ఫోన్. అక్క ఇక కుప్పంలోనే ఉంటుంది, వైద్యం అక్కడే చూపిస్తాను, పింఛను కూడా కుప్పానికి మార్పిస్తాను అన్నాడు. మిగిలిన చీరలూ ఉన్ని శాలువా సర్ది పంపమన్నాడు. కారు పంపుతాడట.

"అక్కేమంటాది?" అని అడిగాను.

"అక్క ఏమనలేదు బావా. నువ్వు గూడా ఏమనలేదు గదా ఇన్నాళ్లూ" అన్నాడు.

వాడు ప్లాట్లు అమ్మేవాడు. మాట ఎక్కడ తగలాలో తెలుసు.

6 జనవరి

చీరలు సర్దాను.

తీశాను.

7 జనవరి

కారు అక్కర్లేదు, నేనే తెస్తానని నరేంద్రకు చెప్పాను. పెద్ద సంచి తీసుకుని అందులో కొత్త టార్పాలిన్ పట్ట పెట్టాను. బామ్మర్ది స్విమ్మింగ్ పూలుకు ఏదో ఒకటి ఇవ్వాలి కదా. పట్ట పెట్టాక చీరలకు చోటు చాలలేదు.

8 జనవరి, కుప్పం నుంచి వచ్చాక

వివరంగా రాయాలి. లేకపోతే రేపటికి నేను వేరేగా గుర్తుపెట్టుకుంటాను.

బస్సు దిగి ఆటోలో పోయాను. పూలు నిజంగానే బ్రహ్మాండంగా ఉంది. మిద్దె మీద కంపెనీ వాళ్ల నల్ల పలకలు, కింద నీలం టైల్సు, పక్కన మోటారు హోరు. వెనకనే మూడంతస్తుల అద్దె ఇళ్లు, ప్రతి బాల్కనీలోనూ ఎవరో ఒకరు బట్టలు ఆరేస్తూ ఇటే చూస్తున్నారు. శాంతమ్మ వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో స్వెటరు వేసుకుని కూర్చుని ఉంది. ఎడమ కాలు స్టూలు మీద. ఆ పాదం బొటనవేలు లోపలికి తిరిగింది. మా ఇంట్లో ఉన్నప్పుడు అలా లేదు.

నీళ్లలోకి పోయే దారిలో ఆమె చెప్పులు ఎక్కడా లేవు. కుర్చీ కింద ఉన్నాయి, దుమ్ము పట్టి.

"నువ్వు దిగడం ల్యా?" అన్నాను.

"దీంట్లోనా? ఆ పైనుండేవాళ్లంతా సూస్తాంటే నైటీ ఏసుకోని దిగమంటాడు. తెల్లారి ఎవురూ లేనప్పుడు దిగుదామంటే నీళ్లు ఐసు. ఒగసారి దిగినా. కాలు కట్టె అయిపొయ్యింది. మళ్లా దిగల్యా."

"రోజూ నడస్తాండాదని సెప్పినాడే వాడు."

"వాడు సెప్పినాడు. నన్నడిగినావా?"

సంచి కింద పెట్టాను. ఆమె సంచి వైపు చూసింది. చీరలు వచ్చాయనుకుంది. ముఖం అటు తిప్పుకుంది.

"యాలొచ్చినావు?"

"నీళ్లు ఎచ్చగా ఉండాయి."

"ఏ నీళ్లు?"

"మన తొట్టిలో."

"మోటారు పరీక్షంటివే."

"పాసయింది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ పొద్దు మాత్రలంటివి. ఈ పొద్దు నీళ్లంటాండావు. రోజా నాయనా, మాత్రలూ నీళ్లూ వీడు గూడా ఇస్తాండాడు. నువ్వెందుకొచ్చినావో అది సెప్పు."

అంతలో నరేంద్ర వచ్చి సంచి విప్పాడు. చీరలకు బదులు టార్పాలిన్ బయటికి వచ్చింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంది బావా, చీరలేవీ?" అన్నాడు. శాంతమ్మ పట్టను చూసింది. చూసి నన్ను చూసింది.

అప్పుడు ఒక మాట అన్నాను. ఏమన్నానో ఇక్కడ రాయను. చిన్న మాటే. జనాన్ని బస్సెక్కిస్తూ కండక్టర్లు రోజుకు నూరుసార్లు అంటారు, నోరు నొప్పి పుట్టదు వాళ్లకు.

"మోటారు సప్పుడుకు వినపళ్ల్యా" అంది.

మళ్లీ అన్నాను. ఈసారి బాల్కనీల్లో వాళ్లకు కూడా వినపడింది.

తన కారులోనే నరేంద్ర దింపాడు. దారంతా మూతి ముడుచుకుని ఉన్నాడు. పలమనేరు దాటాక, తానేమైనా తక్కువ చేశానా అని అక్కను అడిగాడు. "ఎక్కువ సేసినావురా" అంది ఆమె, వాడి భుజం మీద చెయ్యి వేసి. పట్ట మాత్రం ఉంచుకున్నాడు. పూలు మీద కప్పుతాడని నమ్మకం లేదు. కారు మీద కప్పుతాడు.

9 జనవరి

ఆమె తొట్టి చూసింది. మెట్లు ఎత్తు ఎక్కువ. రేకులు అసహ్యంగా ఉన్నాయి. చింతపండు కంపు. బుట్ట టమోటాలు ఎందుకు కుళ్లిపోయాయి. మాట పూర్తిగా తిరిగి వచ్చిందని ముందే రాశాను.

10 జనవరి

పొద్దున పట్ట తీశాను. ఆమె మెట్టు మీద కూర్చుని మొదట మోచెయ్యి పెట్టింది. చాలాసేపు పెట్టింది. దిగింది.

ఒక చేత్తో స్టీలు పైపు, ఒక చేత్తో నన్ను పట్టుకుంది. నేను లుంగీతో దిగాను. పక్కన మనిషి ఉండాలని బీనా చెప్పింది కాబట్టి దిగాను. కాలు నీళ్లలో తేలికపడింది. ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయి నిలబడింది.

"మళ్లా" అన్నాను.

"నడుస్తా. నువ్వు మాట్లాడతా ఉంటేనే. నువ్వు నిలిపితే నేనూ నిల్సిపోతా."

ఏం మాట్లాడాలి? మోటారు చుట్టు గురించి చెప్పాను. ఒక వరుస నడిచింది. రాగి తీగ రకాల గురించి చెప్పాను. ఇంకొకటి నడిచింది. తీగ రకాలు అయిపోయాయి, నిలబడిపోయింది. అన్నట్టే చేసింది. నీళ్ల మధ్యలో ఇద్దరం బొమ్మల్లా నిలబడ్డాం. వేరే దారిలేక మునెయ్య పైపులకు ఆసిడ్ పోసిన సంగతి చెప్పడం మొదలుపెట్టాను. ఇది ఎవరికీ చెప్పకూడదనుకున్నది. మిద్దె మీద వాన పడిందనేసరికి ఆమె నవ్వింది. నవ్వుతూ, పైపు వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రెండడుగులు వేసింది. ఎడమది కూడా.

పైపు వదిలిన సంగతి ఆమెకు తెలియలేదు. నేను చెప్పలేదు. మాటలు మాత్రం ఆపలేదు.

11 జనవరి

మంచులో రాత్రి మోటారు తిరిగిన సంగతి చెప్పాను.

14 జనవరి

దిలీప్, దొరసాని, టీ. ఆ కథ రెండు రోజుల నడకకు వచ్చింది.

17 జనవరి

బీనా వచ్చి చూసింది. కాలు బాగా మెత్తబడిందంది. అంకుల్ గొంతు బొంగురుపోయిందేమని అడిగింది.

20 జనవరి

చెప్పడానికి నిల్వ అంతా అయిపోయింది. ఒక్కటే మిగిలింది. కారెక్కేటప్పుడు మాత్రలు సంచిలో పెట్టానన్నానే, ఆ మాటకు ముందు నోటి దాకా వచ్చి ఆగిపోయింది ఒకటుంది. రేపు అదే చెప్పాలి, వేరే సరుకు లేదు. నీళ్లు చల్లబడితే బాగుండు, ఒక రోజు వాయిదా పడేది. ఎండ మాత్రం దంచేస్తోంది.

21 జనవరి

చెప్పాను. ఆ చివరి దాకా నడిచి, పైపు పట్టుకోకుండానే వెనక్కి తిరిగింది.

22 జనవరి

రాయడానికేమీ లేదు. చెప్పాల్సిందంతా పొద్దున తొట్టిలోనే అయిపోయింది.